టాపు లేని నీలం కారు

మొన్న అమలాపురం గడియార స్తంభం దగ్గర మందుల షాపు పంచన నిలబడి ఉండగా ఉన్నట్టుండి వాన దిగింది. మన వైపు వాన సంగతి మీకు తెలియనిదా, కబురూ కాకరకాయా లేకుండా వచ్చి మీద పడుతుంది. సరిగ్గా అప్పుడే జనంలో ఇరుక్కుపోయి నా ముందు ఆగిన టాపు లేని ఎర్రకారులోని అబ్బాయి, కంగారేమీ పడకుండా ఏదో మీట నొక్కాడు. వెనకనుంచి పైకప్పు దానంతట అదే లేచి, మడతలు విప్పుకుని, ముందు అద్దం అంచు మీద బుద్ధిగా వచ్చి కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్ళు సెల్‌ఫోన్లు తీశారు. నాకు మాత్రం ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే మా నీలం కారు గుర్తొచ్చింది. మందులు కొనకుండానే ఆటో ఎక్కేసి, సగం దారిలో గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళాను.

నాది మొదటినుంచీ కాలుగాలిన పిల్లి వాటమే. అన్నం ఉడికేలోగా పదిసార్లు మూత తీసి చూసే మనిషిని. మా నాన్నగారు దానికి పూర్తిగా ఎదురు. ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే చూడటానికి కూడా నాకు ఓపిక ఉండేది కాదు. మండపేటలో ఒక రైసుమిల్లు యజమాని దగ్గర ఆయన డ్రైవరుగా పని చేసేవారు. ఆ యజమానికి రెండే సీట్లున్న, టాపు వెనక్కి మడిచే రకం స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది, ఎవరో దొర దేశం వదిలి వెళ్ళిపోతూ అమ్మేసిందట. ఆయన బతికున్నన్నాళ్ళూ దాన్ని ఎప్పుడో పెళ్ళిళ్ళకి బయటికి తీసి, మిగిలిన కాలమంతా ధాన్యం గోనెల పక్కన షెడ్డులో పెట్టి ఉంచేవారు. ఆయన పోయాక కొడుకులకి దాని మీద మోజు లేకపోయింది. టాపు గుడ్డ చివికి రాలిపోయింది, సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. పాత ఇనుములో వేసేసేకంటే ఇన్నేళ్ళు దాన్ని తుడిచిన మనిషికే ఇచ్చేద్దామని వాళ్ళకి బుద్ధి పుట్టి, నాన్నగారు పని మానుకుని ఇంటికి వచ్చేసే రోజున ఆయనకే ఇచ్చేశారు.

దాన్ని లారీ వెనక కట్టించుకుని, కె.గంగవరం మీదుగా కోటిపల్లి రేవుదాకా లాక్కొచ్చి, పంటు మీద గోదావరి దాటించారు. పంటు అంటే ఈ తరం వాళ్ళకి చెప్పాలి గానీ మీకు చెప్పక్కర్లేదు, మనుషులూ మేకలూ మోటార్లూ కలిసి ఏరు దాటిన రోజులు మనం చూసినవాళ్ళమే. ఇవతలి ఒడ్డునుంచి మా ఇంటిదాకా ఎడ్లు లాగాయి. మా పేట జనమంతా చర్చి ముందుకి వచ్చేశారు. మామ్మ, అంటే నాన్నగారి తల్లి, దాని చుట్టూ మెల్లగా తిరిగి చూసి, "ఈ పడవకి అడుగుందిగానీ గుడిసె లేదేంట్రా?" అని అడిగింది.

అప్పటికి నాకు టీచరుగా ఉద్యోగం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఉప్పలగుప్తం దాటాక సముద్రం వైపున్న ఊళ్ళో బడి. మా వంశంలో నెల జీతం తెచ్చిన మొదటి ఆడదాన్ని నేనే. మామ్మ ఒంగి నాట్లు వేసి వేసి, నడుం సరిగ్గా నిలబెట్టలేని మనిషి, నేను కుర్చీలో కూర్చుని పాఠం చెబుతానని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ ఉద్యోగమేమో ఇంకా పర్మనెంటు కాలేదు. పొద్దున్నే వచ్చే బస్సు ఒకటే, అదీ దాని ఇష్టం. ఒక్కోరోజు ముందే వెళ్ళిపోయేది, ఒక్కోరోజు అసలే రాదు, వచ్చినా మనుషులు బయటికి వేలాడుతూ ఆపకుండా పోయేది. ఆలస్యాలు ఎక్కువై, ఇంకొక్కసారి ఇలా జరిగితే పైకి రాసేస్తానని పెద్దమేష్టారు ముఖం మీదే చెప్పారు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. కాబట్టి ఆ కారు మాకు ముచ్చట కాదు, అది రోజూ తిరిగితేనే నా ఉద్యోగం నిలబడేది.

నేనేమో రేపే ఎక్కాలంటాను, నాన్నగారేమో ముందు మరలన్నీ విప్పాలంటారు. పెరట్లో కొబ్బరాకుల పందిరి వేసి, దానికింద పాత చాప మీద ఆ కారు పేగులన్నీ పరిచారు. దొరల కారుకి దొరల సామాను మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది? కార్బురేటరు ఒక జీపుది తెచ్చి అమర్చారు, డైనమో ట్రాక్టరుది. బండి మరీ నేలబారు కావడంతో మొదటిసారి కదిలించినప్పుడే చర్చి ముందున్న చిన్న మిట్ట దాని పొట్టకి తగిలింది, అందుకని స్ప్రింగుల్లో అదనపు పట్టీలు వేయించి ఎత్తు లేపారు. సీట్లలో కొబ్బరి పీచు కూరించారు. దాని మీద కూర్చుంటే మొదట్లో గుచ్చుకునేది, తర్వాత మన ఆకారానికి అదే ఒదిగింది. రంగు మాత్రం పడవలకి వేసే నీలం రంగు, రేవులో మిగిలింది ఎవరో ఇచ్చారు. బిగించిన బోల్టునే మళ్ళీ విప్పి బిగిస్తుంటే నేను పళ్ళు కొరుక్కుంటూ పందిరి చుట్టూ తిరిగేదాన్ని. తిరిగి తిరిగి ఉండబట్టలేక, చర్చి ఆవరణలో నాకు స్టీరింగు నేర్పమని పట్టుబట్టాను. నేర్పారు, కాకినాడ తీసుకెళ్ళి లైసెన్సు కూడా ఇప్పించారు.

ఇక మిగిలింది టాపు. అమలాపురంలో రిక్షాలకి టాపులు కుట్టే బాబాయి ఒకాయన ఉండేవారు, నాన్నగారికి వరసకి తమ్ముడు. రిక్షా టాపు కూడా వెనక్కి మడిచేదే కదా, దానికే కొంచెం పొడుగూ వెడల్పూ ఎక్కువ పెడితే సరిపోతుందని ఆయన తేల్చేశారు. ఇనుప బద్దలు ఒంచి, టార్పాలిను కుట్టి, అంచులకి ఎర్ర పట్టీ కూడా వేశారు. అయితే నాన్నగారికి అది చాల్లేదు. రెండు పక్కలా కిందిదాకా తెరలు కావాలన్నారు. తెరలెందుకని నేను విసుక్కుంటే జల్లు కొడుతుందన్నారు. జల్లు మాట అబద్ధం కాదు గానీ, ఆ తెరలు జల్లుకి కాదని నాకూ తెలుసు, మామ్మకీ తెలుసు.

మా పేటనుంచి తారురోడ్డు ఎక్కడానికి రెండే దారులు. ఒకటి కాలవగట్టు, మనిషి నడవడానికీ సైకిలు పోవడానికీ సరిపోతుంది, కారు పట్టదు. రెండోది ఊరి మధ్యనుంచి పెద్దవీధి. ఒకప్పుడు మా వాళ్ళు పెద్దవీధి మొదట్లో సైకిలు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, చివరిదాకా నడిపించుకుంటూ వెళ్ళి మళ్ళీ ఎక్కేవారు. నేను పెద్దయ్యేసరికి ఆ కట్టుబాటు పోయింది, దిగమనేవారు లేరు, మా కుర్రాళ్ళు బెల్లు కొట్టుకుంటూ పోయేవారు. నాన్నగారు మాత్రం దిగేవారు, లేదా చుట్టూ తిరిగైనా గట్టు మీద పోయేవారు. యజమానిని ఎక్కించుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని ఇదే కారులో ఆ వీధి పెళ్ళిళ్ళకి కొన్నిసార్లు వచ్చిన మనిషే ఆయన. అప్పుడది యజమాని కారు. ఇప్పుడు టాపు వేసి తెరలు దించుకుంటే లోపల ఎవరున్నారో బయటికి తెలియదు, మిల్లుగారి కారే అనుకుంటారు, అదీ ఆయన ఆలోచన. ఆ మాట ఆయన నోటితో ఒక్కసారైనా అనలేదు, నాకు అడగాలనీ అనిపించలేదు. కోపం మాత్రం వచ్చేది. ఆయన మీదా, ఆ వీధి మీదా, చివరికి ఆ తెరల మీదా.

మర్నాడు బయల్దేరతామనగా మామ్మ, కొత్త టార్పాలిను నీళ్ళు పీల్చకుండా ఉంటుందని చెప్పి, కొబ్బరినూనె డబ్బా తీసుకుని టాపుకీ తెరలకీ దట్టంగా పట్టించింది. మనవాళ్ళకి కొబ్బరినూనె ఎక్కని వస్తువు లేదు కదా, తలకి, తలుపు బందుకి, పసిపిల్లాడి పొట్టకి, దీపానికి, అన్నిటికీ అదే మందు. ఎవరూ అడ్డు చెప్పలేదు. తెల్లారి చూస్తే ఎలకలు పండగ చేసుకున్నాయి. టార్పాలిను జల్లెడైపోయింది, తెరలు పీలికలై వేలాడుతున్నాయి. నాన్నగారు ఆ పీలికల్ని ఒకదానికొకటి ముడివేసి చూశారు. ఈ పూటకి గట్టు మీద నడిచి బస్సుకే పోతానని నేను సంచీ భుజాన వేసుకునేసరికి, పాస్టరుగారు రానే వచ్చారు.

కొత్త వాహనానికి ప్రార్థన చేయించకుండా కదలడం మాలో లేదు. పాస్టరుగారు బానెట్టు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. మంచి మనిషి, ప్రార్థనలో ఎవరినీ మర్చిపోరు. చక్రాల కోసం, బ్రేకుల కోసం, దారిలో ఎదురయ్యే పశువుల కోసం, మా పేటలో జబ్బుగా ఉన్నవాళ్ళందరి కోసం, గల్ఫు దేశాల్లో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించారు. నేను ఒక కన్ను తెరిచి గట్టు వైపు చూస్తూనే ఉన్నాను. ఆమెన్ అనేలోపే అవతల బస్సు హారను వినిపించింది, తర్వాత అది దూరమైపోయింది. ఇక కారు తప్ప దారి లేదు. ఎలకలు కొరికిన ఆ టాపు గుడ్డంతా బాబాయి బద్దలతో సహా పీకేసి పెరట్లో పడేసి, నాన్నగారు స్టీరింగు ముందు కూర్చున్నారు. మొదటి రోజు తానే నడుపుతానన్నారు.

ఎండలో, గాలిలో, ఆకాశం నెత్తి మీద పెట్టుకుని వెళుతున్నాం. మా పేట దాటేవరకూ ఆయన బాగానే ఉన్నారు. పెద్దవీధి మొదటికి వచ్చేసరికి కారు ఆగింది. చెడిపోయిందనుకున్నాను. నాన్నగారు తలుపు తీసుకుని దిగి, నన్ను స్టీరింగు వైపు జరగమని సైగ చేసి, "నువ్వు నడుపు. నేను ఇలా నడిచొచ్చి అవతల ఎక్కుతాను" అన్నారు. చెప్పులు అప్పటికే చేతిలోకి వచ్చేశాయి. తన కారు పక్కన తాను నడిచి వెళ్ళే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. బడి గంటకి వేళ దగ్గరపడుతోంది, ఆయన్ని వదిలి ముందుకి పోలేను, ఆగనూ లేను. మనిషి నడక వేగంతో బండి పోనిస్తున్నాను, అది గుడగుడమంటూ కదులుతోంది, పక్కన ఆయన తల వంచుకుని నడుస్తున్నారు, వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది.

సగం దూరంలో ఒక అరుగు మీద పేపరు చదువుతున్న పెద్దాయన కళ్ళజోడు పైకి లేపి మమ్మల్ని చూశారు. ఆ ఊళ్ళో ఆయన మాటంటే మాటే.

"మిల్లోళ్ళ కారు కదరా అది? పాడైందేంటి, దిగి నడుస్తున్నావు?"

ఆ పాత కట్టుబాటు ఆయనకి నిజంగానే గుర్తు లేదో, లేనట్టు ఉన్నారో నాకిప్పటికీ తెలీదు. మా నాన్నగారి కాళ్ళకి మాత్రం అంతా గుర్తుంది. ఆయన ఆగిపోయారు. నేను కూడా ఆపేశాను. నాన్నగారు చేతిలో ఉన్న చెప్పుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుని, వాటిని నేల మీద వదిలి, తీరుబడిగా తొడుక్కున్నారు. అంత నిదానంగా ఆయన ఏ పని చేసినా విసుక్కునే నేను, ఆ రోజు మాత్రం కదలకుండా చూశాను.

"ఆయ్, పాడవలేదండి. మిల్లుగారిది కాదండి ఇది, మా అమ్మాయి కారండి. ఉద్యోగానికి వెళ్తందండి."

అని చెప్పి, ఇటు తిరిగి వచ్చి, నా పక్క సీట్లో కూర్చున్నారు. నేను ఎంత గట్టిగా తొక్కానంటే ఆయన కండువా ఎగిరి వెనక పడింది. దానికోసం మేము వెనక్కి వెళ్ళలేదు. బడికి చేరేసరికి పిల్లలు ప్రార్థనకి వరసలు కడుతున్నారు, పెద్దమేష్టారు కారునీ నన్నూ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఆ ఏడాదే నా ఉద్యోగం పర్మనెంటు అయింది.

సాయంత్రం ఇంటికి వస్తే మామ్మ గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది. పొద్దుటి ప్రయాణం గురించి అడిగింది ఒకే ఒక్క మాట.

"అందరూ చూసేరా?"

అందరూ చూశారని చెప్పాను. పోనీలెమ్మని, అరచేతిలో కొబ్బరినూనె ఒంపుకుంది. డెబ్భై ఏళ్ళ పైబడి కొబ్బరినూనెతో బతికిన మనిషికి, దాని వాసనకి ఎలకలు వస్తాయని తెలియదా అని అప్పుడు నాకు తట్టింది. అడిగాను కూడా. వినపడనట్టు జడ అల్లుకుంది.

కొత్త టాపు కుట్టడానికి బాబాయి మళ్ళీ వస్తానన్నారు గానీ, నాన్నగారు వద్దన్నారు. వానాకాలమంతా ఒక గొడుగు ఆయన చేతిలో, స్టీరింగు నా చేతిలో, అలాగే తడుస్తూ తిరిగాం. ఎన్నో ఏళ్ళు నడిచి నడిచి అది ఒకనాడు ఇక లేవనంది. ఇంజను ఒక రొయ్యల చెరువు మీద నీళ్ళు తోడటానికి వెళ్ళింది, మిగిలిన ఇనుము ఎక్కడికి పోయిందో తెలియదు. నాన్నగారూ మామ్మా చర్చి వెనక సమాధుల దిబ్బలో పక్కపక్కనే ఉన్నారు.

ఇప్పుడు మా చెల్లెలి కొడుకు తన కారులో నన్ను చర్చికి తీసుకెళతాడు. పెద్దవీధి అంతా మేడలే, గుమ్మాల్లో ఎవరూ కూర్చోరు, అరుగులు కొట్టేసి గేట్లు పెట్టారు. పోయే కార్లన్నిటికీ నల్లద్దాలు, ఏ కులం వాళ్ళు పోతున్నారో, అసలు మనుషులున్నారో లేదో కూడా ఎవరికీ పట్టదు. మంచిదే, ఇందుకేగా మనవాళ్ళు అంత పడ్డారు, అని నాకు నేను చెప్పుకుంటాను. అయినా ఆ వీధి మొదటికి వచ్చేసరికి నా కాళ్ళు సీటు కింద ఆగవు. అద్దం దించమంటాను. ఏసీ పోతుంది పెద్దమ్మా అంటాడు వాడు. పోతే పోయింది, దించరా, అంటాను. చూసేవాళ్ళు ఎవరూ లేని ఆ వీధిలో, తల పూర్తిగా బయటికి పెట్టి కూర్చుంటాను.