పోచమ్మ పేరు చెప్పి

పిల్లను బడికి ఎందుకు పంపడం లేదని ఎవరైనా అడిగితే, పోచమ్మకు మొక్కు ఉందని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. అట్లాగని పూర్తి నిజమని కూడా చెప్పలేను.

పిల్లకు అయిదేళ్లు నిండకముందే అమ్మతల్లి పోసింది. ఒళ్లంతా పొక్కులు, కళ్లు తెరవలేదు. మా అత్త గడపకు వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు వేయొద్దంది, తల దువ్వుకోవద్దంది. మగ్గం కూడా ఆపించింది. చప్పుడు తల్లికి గిట్టదట. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో మగ్గం చప్పుడు లేని పగలు నేను చూడలేదు. ఆ నిశ్శబ్దంలో పిల్ల పక్కన కూర్చుని వేపరెమ్మతో విసురుతూ మొక్కుకున్నాను. తల్లీ, దీన్ని నాకు విడిచిపెట్టు, నీకు బోనం ఎత్తేదాకా దీన్ని బడి గడప తొక్కనియ్యను అని. బడి పిల్లల నుంచే ఊళ్లోకి ఆ జబ్బు వచ్చిందని అందరూ అనుకుంటున్నారు, అందుకే ఆ మాట నోటికొచ్చింది.

తల్లి విడిచిపెట్టింది. ఆ శ్రావణంలోనే బోనం ఎత్తి ఉండొచ్చు. నూలు సరిగా దొరకడం లేదు, చేతిలో పని లేదు, వచ్చే ఏడు చూద్దామన్నాను. మరుసటి శ్రావణానికి మా అత్తకు మోకాలి నొప్పి. ఆమె గుడిదాకా నడవలేదు కదా అన్నాను. ఆమె నడుస్తానని చెప్పింది. అయినా నేనే వద్దన్నాను.

పిల్ల ఇంట్లో ఉంటే నాకు మాటలు వచ్చేవి. అసలు సంగతి అది.

నేను బడికి పోలేదు. మా చిన్నప్పుడు దగ్గర్లో ఉన్న బడి ఉర్దూ బడి, ఆడపిల్లలు పోయేవాళ్లు కాదు. మా బాపు మగ్గం నేస్తూనే నాకు అక్షరాలు నేర్పాడు. ఆ తర్వాత అచ్చు కాగితం ఏది కనబడినా వదల్లేదు. మా ఆయన బట్టలు అమ్మడానికి రామన్నపేట పోయినప్పుడు నా కోసం పాత వారపత్రికలు తెచ్చేవాడు, అవి అట్టలు ఊడిపోయేదాకా చదివేదాన్ని. పని తీరిన పూట నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని కూడా. కానీ వాకిట్లోకి ఎవరైనా వస్తే లోపలికి పోయి తలుపు వెనక నిలబడేదాన్ని. పక్కింటి వాళ్లను కూడా ఎంతో అవసరమైతే తప్ప పలకరించలేకపోయేదాన్ని. చదివిందంతా లోపలే ఉండిపోయేది. పిల్ల దగ్గరే అది బయటికి వచ్చేది.

రాట్నం మీద కండెలు చుడుతూ చదువు చెప్పేదాన్ని. పలక నా పక్కన, పిల్ల నా ముందు. ఏడాది తిరిగేసరికి పత్రికలో కథలు కూడబలుక్కోకుండా చదివింది. లెక్కలు మాత్రం పడుగు పోగులతో నేర్పాను. వేరే ఏముంది మా ఇంట్లో లెక్కపెట్టడానికి?

దాని ప్రశ్నలకు నా చదువు చాలేది కాదు. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్నారని మా ఆయన చెప్పాడు. ఏటికి అడ్డం గోడ కడితే చేపలు ఎటు పోతాయని అది నన్ను అడిగింది. వెనక్కి మళ్లి పోతాయన్నాను. నాకేం తెలుసు? ఒక ముక్క తప్పు చెప్పినా సరిదిద్దేవాళ్లు ఎవరూ లేరని తలుచుకుంటే చేతులు ఆగిపోయేవి. ఇంకోరోజు పోచమ్మకు చదువు వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను.

“ఎవలు నేర్పిన్రు? ఆమెనన్న బడికి పంపిన్రా?”

అప్పుడు నవ్వాను. ఆ పూటంతా నా చేతిలో పోగులు తెగుతూనే ఉన్నాయి.

పొద్దున పిల్లలు పలకలు పట్టుకుని మా సందులో నుంచి అరుచుకుంటూ పోయేవాళ్లు. అది గడపలో నిలబడి చూసేది. నేను కూడా పోతానంటే, తల్లి కోపం చేస్తుందని అనేదాన్ని. ఒక్క మాటకే లోపలికి వచ్చి కూర్చునేది. ఒకసారి కూడా ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఇప్పుడు అనిపిస్తుంది.

దానికి ఏడేళ్లు వచ్చాక బడి సారు పిల్లల పేర్లు రాసుకుంటూ మా ఇంటికి వచ్చాడు. నడివయసు మనిషి, చెమటతో చొక్కా తడిసిపోయి ఉంది. మా అత్త చెంబుతో నీళ్లిచ్చి, మనవరాలిని ఆయన ముందు నిలబెట్టింది. నేను తలుపు వెనకకు చేరాను. ఆయన తన సంచిలోని పుస్తకం ఇస్తే పిల్ల తడబడకుండా చదివింది. మా అత్త మురిసిపోయింది. తర్వాత ఒకటి నుంచి ఒంట్లు చెప్పమన్నాడు. నూరు దాటింది, నూట పది దాటింది.

“నూట పద్దెన్మిది, నూట పంతొమ్మిది, పుంజం” అంది పిల్ల.

“పుంజమేంది బిడ్డా? దాని తర్వాత?”

“ఒకటి.”

నూట ఇరవై పోగులు ఒక పుంజం. పుంజం కాగానే దారం ముడివేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాం. నేను నేర్పింది అదే. నూట ఇరవై ఒకటి అనే అంకె ఉంటుందని దానికి చెప్పాలని నాకు తోచనే లేదు. సారు కడుపు పట్టుకుని నవ్వాడు. సాలోల్ల పిల్ల మరెట్ల లెక్కపెడుతుందని మా అత్త కూడా నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. అయినా అది పెద్ద సంగతి కాదు, ఒక పూటలో దిద్దుకోవచ్చు. ఆ తర్వాత ఆయన అన్న మాటే నన్ను పట్టుకుంది.

“అడిగేది నేను, నువ్వు చూసేది తలుపును. ఏం, తలుపుకు చదువొస్తదా?”

అప్పుడు గుర్తించాను. ప్రతి జవాబుకు ముందు అది నా వైపు చూస్తోంది. తలుపు సందులో నా ముఖం ఎంత కనబడితే అంత.

పిల్ల సిగ్గుపడుతూ ఆయన్ని అడిగింది, “సారూ, బళ్లె అమ్మలు ఎంతమంది ఉంటరు?”

“అమ్మలు ఎందుకుంటరు బిడ్డా, పిల్లలే ఉంటరు.”

“మరి ఎవల మొఖం చూసి చెప్తరు?”

ఆయన ఈసారి నవ్వలేదు. మొక్కు సంగతి మా అత్త చెబితే విని, తీర్చుకుని పంపండమ్మా, రెండో తరగతిలో కూర్చోబెడతానని తలుపు వైపు తిరిగి చెప్పి వెళ్లాడు. నాలాంటి మనిషిని ఇంకొకరిని తయారు చేస్తున్నానని, తలుపు వెనక నిలబడడం కూడా నేనే నేర్పుతున్నానని ఆ క్షణంలో తెలిసిపోయింది.

మరునాడు మా అత్త చాటలో జొన్నలు చెరుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

“మొక్కు తల్లికి మొక్కినవా పిల్లా, నీకు నువ్వే మొక్కుకున్నవా?”

నేను రాట్నం గబగబా తిప్పాను.

“తల్లి ఆగుతది. ఎన్నేండ్లయినా ఆగుతది. పిల్ల ఎదుగుడు ఆగుతదా?”

ఆ శ్రావణంలో బోనం ఎత్తాం. కొత్త కుండకు సున్నం బొట్లు, పసుపు పెట్టి, లోపల పరమాన్నం, పైన దీపం. నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే ఏం అడగాలో తెలియలేదు. నేను నిజంగా భయపడ్డాను. రెండేళ్లు ఆమె పేరు చెప్పి పిల్లను కొంగుకు కట్టేసుకున్నాను. ఆమెకు తెలియకుండా ఉంటుందా? నా మీది కోపం పిల్ల మీద చూపొద్దు తల్లీ అని మాత్రం అడిగాను. సారు ఏదో తేలికగా రమ్మన్నాడు గానీ, బడికి పంపిన తర్వాత చాలా రోజులు, అది సాయంత్రం ఇంటికి రాగానే మొదట నుదురు ముట్టి చూసేదాన్ని. ఎండలో నడిచి వచ్చిన వెచ్చదనానికి కూడా ఒళ్లంతా పొక్కుల కోసం వెతికేదాన్ని.

అది బడిలో ఏం చేసిందో నాకు చెప్పేది కాదు. అడిగితే ఏం లేదనేది. రాట్నం ముందు నేను ఒక్కదాన్నే కూర్చుంటే, ఇదే నాకు సరైన శిక్ష అనిపించేది. ఆ వెంటనే, పిల్ల బడికి పోవడాన్ని శిక్ష అనుకుంటున్నందుకు ఇంకా సిగ్గయ్యేది.

ఒక సాయంత్రం పలక లోపల పెట్టి, మళ్లీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. దానితో కూర్చునే గొల్లవాళ్ల పిల్ల ఇంట్లో మేక ఈనిందట, రెండు పిల్లలట. చూసి వస్తానంది. వాళ్ల ఇల్లు ఊరి చివర, పోచమ్మ గుడి అవతల. తల్లి కోపం చేస్తుందనే మాట నాలుక చివరికి వచ్చింది. అంత అలవాటైపోయింది నాకు. పళ్లు బిగబట్టి, పొయ్యిరా అన్నాను.

అది కదలలేదు.

“తల్లి ఏమనదా?”

“అనదు.”

“నీకెట్ల ఎరుక?”

మా అత్త అరుగు మీద కూర్చుని వింటోంది. రాట్నం ఆపాను.

“తల్లి ఎన్నడు ఏమనలేదు బిడ్డా. గా మాటలన్నీ నేనే అన్న.”

అది నా ముఖంలోకి కాసేపు చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

“అయితె నడుమ గుడికాడ ఆగి నేనే అడుగుత” అని చెప్పి సందులోకి దిగింది.

పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చింది. లంగాకు మేక వాసన, మోచేతి మీద గీరుకుపోయిన గీత. తల్లి ఏమందని మా అత్త అడిగింది. అది చేతులు కడుక్కుంటూ, మేకపిల్లల్లో ఒకటి నల్లదని, ఒకదానికి చెవుల మీద తెల్ల మచ్చలున్నాయని చెప్పడం మొదలుపెట్టింది.