ఇద్దరు బాలింతలు

ఆ కాలంలో బాలింతరాలికి దాహం వెయ్యకూడదు. వేసినా పైకి చెప్పకూడదు. ఈ చట్టం ఎవరు రాశారో తెలీదు గానీ, ఉత్తరాదిన మేముండే బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో దాన్ని అమలు చేసే అధికారం పూర్తిగా మా అత్తగారిదే. అలాంటి ఆవిడ చేతికి ఒకేసారి ఇద్దరం చిక్కాం, నేనూ, ఈతచెట్టుకి బుల్లి చెల్లెల్లా ఉండే ఓ సాగో పామ్ మొక్కా.

నాకు ఆడపిల్ల పుట్టిన వారంలోనే మామగారికి క్వార్టర్ దొరికింది. పర్సుడీహ్ అద్దింట్లో అత్తగారు ఏళ్ళ తరబడి పెంచుకున్న ఆ మొక్కని వేళ్ళు తెగేట్టు పెకలించి, ఠేలా బండి మీద సామాన్లతో పాటు తెచ్చి, కొత్త వాకిట్లో పాతారు. కొద్దిరోజులకే ఆకులు పసుపెక్కాయి. వాటి అడుగున సున్నం చల్లినట్టు తెల్లటి పొలుసు పురుగు. అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి తీర్పు చెప్పేశారు.

"ఇదీ బాలెంతేనే. దీనికీ పత్తెమే."

ఇంకేముంది! పురుగు పట్టిన ఆకులన్నీ కోసిపారేస్తే అనాసపండులాంటి మొద్దు మిగిలింది. దానికి కుంకుడు రసం పోసి, మామగారి పాత పళ్ళబ్రష్షుతో రుద్ది రుద్ది తలంటారు (నాకు మాత్రం తలంటు లేదు, జలుబు చేస్తుందట). మట్టి బాగా ఎండితే తప్ప దానికి నీళ్ళు లేవు. నాకు కారప్పొడి అన్నం, గొంతు తడవడానికి అరగ్లాసు వేణ్ణీళ్ళు. సాయంత్రం సాంబ్రాణి ముందు నాకు, మిగిలిన పొగ దానికి.

"అత్తా, ఈ పత్తెం ఇంకెన్నాళ్ళు?" అనడిగాను ఏడుపుగొంతుతో.

"అది కొత్తాకెయ్యనీ. అప్పుడు నీకూ ఒగ్గేత్తాను."

అంటే నా విడుదల ఓ మొద్దు చేతిలో పెట్టారన్నమాట. ఆ రోజు నుంచీ పిల్లకంటే దాన్నే ఎక్కువ చూసుకున్నాను. పక్కింటి బిహారీ ఆవిడ రోజూ గోడ మీంచి తొంగిచూసి "యే తో మర్ గయా", అదెప్పుడో చచ్చిందని సంతాపం తెలిపి పోయేది. నేను పరుగెత్తుకెళ్ళి మొద్దుని గోటితో గిల్లి చూసుకునేదాన్ని. మా ఆయన సాక్చి బజారు నుంచి పురుగుమందు తెస్తే, "పచ్చి బాలెంతకి మందులేటిరా?" అని అత్తగారు లాక్కున్నారు. మా ఆయన మహా ధైర్యవంతుడు. "సరేనమ్మా" అన్నాడు.

వానలు పట్టాక ఓ ఉదయం మొద్దు నడినెత్తిన గోధుమరంగు నూగుతో ఏదో పొడుచుకొచ్చింది. "అత్తా! ఏసింది! ఆకేసింది!" అని నేను పెట్టిన కేకకి పక్కింటావిడ కూడా పరుగెత్తుకొచ్చింది. అత్తగారు వంగి దాన్ని వేలితో తాకి చూశారు. లోపలికెళ్ళి, కుండలోంచి చెంబు నిండా చన్నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చారు.

"తాగు. మా సెల్లి పురిట్లోనే పోనాది. నీకేటవుద్దోనని నానెంత బయపడ్డానో నీకేటి తెల్సు" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

అన్నాళ్ళూ ఆవిణ్ణి మనసులో తిట్టుకున్న తిట్లన్నీ ఆ నీళ్ళతో పాటు మింగేశాను.

మొన్న మా పిల్లే పురిటికొచ్చి బిడ్డని కంది. డాక్టరు నీళ్ళు బాగా తాగమన్నాడట. గ్లాసులో పోస్తుంటే సగానికే నా చెయ్యి ఆగిపోయింది. అది గ్లాసుని చూసింది, నన్ను చూసింది.

"మా, మైఁ పేడ్ నహీఁ హూఁ!" అంది. చెట్టు కాదట! (ఈ కథ దానికి చెప్పింది నేనే, బుద్ధి తక్కువై.)

నవ్వుతూ నిండుగా పోసిచ్చాను. అది గటగటా తాగేసింది. తాగినంతసేపూ నాకు భయంగానే ఉంది.