పంచదారకు తాళం

మహిళల పత్రికకు ఇన్నేళ్లు సంపాదకురాలిగా ఉండి నేను నేర్చుకున్న విద్య ఒక్కటే: ఇంటావిడ నోరు విప్పాలంటే ముందు ఇంటాయన్ని వంటింట్లోంచి తరిమెయ్యాలి. మా వంటింటి శీర్షిక కోసం ఏలూరు నుంచి కామవరపుకోట దాకా ఎన్నో ఇళ్లకు వెళ్లాను. "హాల్లో కూర్చోండి, ఇది ఆడవాళ్ల పేజీ" అంటే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా కిమ్మనకుండా కదిలేవారు.

ఈ వానాకాలం కలిసినాయన కదల్లేదు. కొల్లేటి వైపు చేపల చెరువుల మధ్య ఒంటరి డాబా. తాడేపల్లిగూడెంలో ఆయనకు కిరాణా కొట్టుంది. దాని పేరు కూడా వేస్తామంటే తనే రమ్మన్నాడు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఆవిణ్ణి అడిగిన ప్రతిదానికీ తనే జవాబు చెప్పాడు. మాటకో "అండీ", వెన్నపూసలా.

కాఫీలోకి పంచదార కావాల్సొచ్చి ఆవిడ ఆయన వైపు చూసింది. జేబులోంచి తాళంచెవి తీసి గోడ బీరువా తెరిచాడు.

"చీమలండీ."

"తలుపులు తీసుకుని లోపలికొచ్చే చీమలాండీ మీవి?"

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

గేటు దగ్గర ఎవరో పిలిస్తే ఆయన వెళ్లాడు. ఫోన్లో ఆవిడ ఫోటో తీస్తూ, "ఈ పులుసు అమ్మగారు నేర్పిందా?" అన్నాను.

"అమ్మ లేదండీ. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదండీ." గొంతు తగ్గించింది. "కూర చిన్నదిగా వెయ్యండి. నా మొహం పెద్దగా వెయ్యండి. చూసినవాళ్లు గుర్తుపట్టాలి."

"ఎవరమ్మా?"

"ఎవరైనా అండీ."

చెప్పుల చప్పుడు. ఆవిడ గరిటె అందుకుంది.

సంచిక ప్రెస్సుకెళ్లే ముందు ఆయన ఫోన్ చేశాడు. "ఫోటో ఆపించండి మేడమ్ గారూ. మా ఆవిడకి ఇష్టం లేదండీ."

"ఆ మాట ఆవిణ్ణే చెప్పమనండి."

"పుట్టింటికి వెళ్లిందండీ."

ఎవరూ మిగలని పుట్టింటికా? లోపలి పేజీలో ఉన్న ఫోటోను తీసి ముఖచిత్రంగా వేశాను. మొహం మాత్రమే.

పత్రిక బజారులోకి రాగానే దెందులూరు నుంచి ఒక టీచరు ఆఫీసుకొచ్చింది. "కాలేజీలో నా పక్కనే కూర్చునేదండీ. పెళ్లయ్యాక ఎక్కడుందో తెలీనేలేదు. ఎలా ఉందండీ?" టీచర్ని వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను.

గేటుకు తాళం. లోపల బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు.

"ఏమేవ్! నేనే!" అని టీచరు అరిచింది. నీళ్ల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి గిన్నె మీద గరిటె మోగింది, ఒక్కసారి.

పోలీసులకు ఫోన్ చేశాను. బయల్దేరామన్నారు. వాళ్ల కన్నా ముందు చెరువు గట్టు మీద ఆయన బైకు కనిపించింది. దిగి, రెండు చేతులూ జోడించాడు.

"ఇంట్లో ఎవరూ లేరండీ, ఫోన్లో చెప్పాను కదండీ. ఇంత దూరం శ్రమ పడ్డారు."

గేటుకు అడ్డంగా నిలబడ్డాం ఇద్దరం. మా వెనక గరిటె మళ్లీ మోగింది. ఈసారి ఆగలేదు.