పప్పు ఉడకని నీళ్లు

ఇష్తియాక్ చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. అయినా విజయవాడ వన్ టౌన్‌లో వెంకటప్పయ్య గారి షెడ్డులో తయారయ్యే వేపనూనె మందు అతని చేతి చలవే. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. డబ్బా మీద మాత్రం వెంకటప్పయ్య గారి పేరు, వాళ్ల మనవరాలి బొమ్మ ఉంటాయి.

నూనె నీళ్లల్లో కలవదు. కలవకపోతే రైతు దాన్ని పైరు మీద కొట్టలేడు. అట్ట ఊడిపోయిన ఇంటరు కెమిస్ట్రీ పుస్తకం ఒకటి పాత పుస్తకాల బండి మీద కొని, అందులో ఇష్తియాక్ ఆ కిటుకు పట్టుకున్నాడు. సబ్బు అణువు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీళ్లను పట్టుకుంటుంది. నూనెను సన్నటి బొట్లుగా చిలికితే, ప్రతి బొట్టు చుట్టూ సబ్బు కాపలా నిలబడి పక్క బొట్టుతో కలవనివ్వదు. అప్పుడు నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఏ సబ్బు ఎంత వెయ్యాలో తేల్చడానికి అతనికి రెండేళ్లు పట్టింది. ఆ బొట్ల మధ్య నిలబడే సబ్బుని కూడా ఎవరూ మెచ్చుకోరు కదా అని నవ్వుకునేవాడు. అదేం సంతోషపు నవ్వు కాదు.

తొంభై ఎనిమిది మే నెలలో ఉయ్యూరు నుంచి కబురొచ్చింది. తిరుపతిరావు అనే రైతు చెరుకు తోటలో మందు విరిగిపోయి, నూనె పైకి తేలి, ఆకులు మాడిపోయాయట.

"కలపడం చేతకాక పాడుచేసుకున్నావని చెప్పి రా," అన్నారు వెంకటప్పయ్య గారు. "కాదూ, తప్పు మందుదే అంటావా, అది నీ చేతి తప్పే. ఒకటో తారీకు నుంచి బీయస్సీ చదివినవాణ్ణి పెట్టుకుంటా. నువ్వు డబ్బాలు మోద్దువుగాని."

ఇష్తియాక్ సంచిలో మందు సీసా, తాగడానికి షెడ్డు కుళాయి నీళ్లు పెట్టుకుని బస్సెక్కాడు.

"ఏవయ్యా సాయిబూ, మాకిచ్చింది మందా, విరిగిన మజ్జిగా?" అన్నాడు తిరుపతిరావు, మందు కలిపిన బిందె చూపిస్తూ. అడుగున తెల్లటి గడ్డలు, పైన పసుపు పచ్చటి నూనె.

ఇష్తియాక్ తను తాగే నీళ్ల సీసాలో నాలుగు చుక్కల మందు వేసి ఊపాడు. చిక్కటి పాలు.

"నీ సీసాలో కుదిరింది, నా బిందెలో ఏమొచ్చింది రోగం?"

జవాబు తిరుపతిరావు భార్య మాణిక్యమ్మ దగ్గర నుంచి వచ్చింది. "ఆ బోరు నీళ్లకి కందిపప్పే ఉడకదు, మందేం కలుస్తదయ్యా? సబ్బు రుద్దితే నురగ రాదు, మడ్డి తేలుద్ది. కాలవలు కట్టేస్తే ఎండాకాలమంతా మాకు ఆ నీళ్లే గతి."

ఇష్తియాక్‌కి అప్పుడు తట్టింది. ఆ రెండేళ్లూ అతను మందుని షెడ్డు కుళాయి కింద తప్ప ఎక్కడా కలిపి చూడలేదు. కృష్ణ నీళ్లు తాగి పెరిగినవాడికి నీళ్లంటే అవే. బోరు నీళ్లలోని ఉప్పులు సబ్బుని విరగ్గొడతాయని పుస్తకంలో ఒక పాఠం ఉంది. ఎవడో కాలేజీ కుర్రాడు దాని మీద ఎర్ర ఇంకుతో 'ఇంపార్టెంట్' అని రాసుకున్నాడు. పరీక్షలు రాసేవాళ్లకే కదా అని ఇష్తియాక్ కక్షగా ఆ పేజీలు తిప్పేశాడు.

'మీ నీళ్లు మంచివి కావండీ' అనేస్తే సరిపోతుంది. సగం నిజమే. ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఆ మాట అంటే, మందు తనది కాదని తనే ఒప్పుకున్నట్టు.

"తప్పు నాదేనండీ. మీ నీళ్లల్లో కలిపి చూసుకోవాల్సింది."

"నీదేంటయ్యా? మీ ఓనరుది కదా?"

"మందు తయారుచేసింది నేనండీ."

ఆ మాట అతను బయటివాళ్లతో అనడం అదే మొదటిసారి. తిరుపతిరావు లోపలికెళ్లి ఒక ఖాళీ క్యాను తెచ్చాడు. బోరు కింద పెట్టి నింపాడు.

"పట్టుకుపో. ఈ నీళ్లకి నిలబడిన రోజున మళ్లీ రా."

తిరిగి వచ్చి జరిగింది చెప్తే వెంకటప్పయ్య గారు అరవలేదు. "సరే," అన్నారంతే. ఇష్తియాక్ పది రోజులు ఆ నీళ్లతోనే కూర్చున్నాడు. సబ్బు మానేసి, దాని పనే చేస్తూ ఉప్పునీళ్లకి విరగవని చెప్పే ఎమల్సిఫయర్లు నాలుగు రకాలు వేసి చూశాడు. మూడు విరిగాయి. నాలుగోది పొద్దున కలిపితే సాయంత్రం దాకా తెల్లగానే ఉంది.

అయినా ఒకటో తారీకున సిద్ధార్థ అనే బీయస్సీ కుర్రాడు టక్ చేసుకుని వచ్చాడు. ఇష్తియాక్ భుజం మీది డబ్బా దించేసరికి, సిద్ధార్థ కొత్త మందు పరీక్షించడానికి గ్లాసు కుళాయి కింద పెడుతున్నాడు.

ఇష్తియాక్ ఉయ్యూరు క్యాను తెచ్చి బల్ల మీద పెట్టాడు. అడుగున రెండు గ్లాసుల నీళ్లు మిగిలాయి.

"ముందు వీటిల్లో కలపండి, సార్."

"కుళాయి ఉండగా ఇవెందుకు?"

"కుళాయి నీళ్లల్లో పప్పు కూడా ఉడుకుద్ది, సార్."

సిద్ధార్థ అతనికేసి ఒకసారి చూసి, కుళాయి కట్టేశాడు.