ఎలుగుబంటి ఎడమ కాలు

థీమ్ పార్కులో ఎలుగుబంటి వేషం కట్టేవాళ్లు ఎందరు మారినా జనానికి ఎలుగుబంటి ఒక్కటే. నోరు మెదపకూడదు, జనంలో తల తీయకూడదు, నడక అసలే మారకూడదు. ఎడమ కాలు ఈడుస్తూ, ఒక పక్కకు కాస్త ఒరుగుతూ నడవాలి. మేనేజరు ఈ సంగతి కాగితం మీద రాయించి వేషాల గది గోడకు అంటించాడు. రాయించింది ఆయనే గానీ, ఆ నడక ఇప్పుడు ఆ వేషం కడుతున్నామె భర్తది.

తొమ్మిదేళ్లు ఆయన ఆ బొచ్చు తొడుక్కున్నాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. జాలిపడి ఇచ్చానని మేనేజరు ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ వేషానికి సరిపోయే పొడుగు మనిషి ఇంకెవరూ దొరకలేదన్నది అసలు సంగతి. మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకే ఎత్తు. పెళ్లిలో చుట్టాలంతా ముసిముసిగా నవ్వుకున్న ఆ ఎత్తే ఆమెకు తిండి పెట్టింది.

మొదటి రోజు ఆ తల పెట్టుకుంటే లోపల ఇంకా ఆయన చెమట వాసన వేసింది. బయట పిల్లలు చేతులూపుతుంటే ఆమె లోపల వెక్కి వెక్కి ఏడ్చింది. ఎలుగుబంటి ముఖం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచి ఎనిమిదేళ్లుగా ఆ కాలు ఈడుస్తూనే ఉంది. ఫొటోలో మనిషి కదలడు. ఆయనదంటూ కదిలేది ఏదైనా మిగిలిందంటే అది ఈ నడకే. మోకాలు అరిగిపోయింది, ఇక మానెయ్యమని డాక్టరు చెప్పినా ఆమె చెవిన పెట్టలేదు.

చివరికి మోకాలే మొరాయించింది. ఆమె స్థానంలోకి ఒక కొత్తమ్మాయిని తీసుకున్నారు. వెళ్లేలోగా నడక నేర్పి వెళ్లమన్నాడు మేనేజరు. అమ్మాయి చురుకైనదే, కాకపోతే కాలు ఈడవమంటే గెంతుతుంది.

“అలా కాదే. కాలు నీ మాట వినడం లేదనుకో. బతిమాలి వెంట తీసుకెళ్తున్నట్టు నడువు.”

“అసలు ఇది కాలెందుకు ఈడుస్తుంది పిన్నీ?”

“మీ బాబాయి అలా కనిపెట్టాడు. నువ్వు నడువు ముందు.”

మూల కూర్చుని ఎలుగుబంటి పాదాలు కుడుతున్న టైలరు తలెత్తాడు. పార్కు తెరిచిన రోజు నుంచి ఇక్కడి వేషాలన్నీ ఆ పెద్దాయన చేతి మీదుగా వచ్చినవే.

“కనిపెట్టిందేమీ లేదమ్మా. మొదట్లో మీ ఆయన సిపాయిలా నడిచేవాడు. ఏడేళ్లు రెండు పాదాల కింద రబ్బరూ ఒకేలా అరిగేది. చివరి రెండేళ్లే ఎడమదానికి నెలకోసారి మార్చాల్సొచ్చింది. ఏంటయ్యా ఇది అంటే, ‘ఏమో పెద్దాయనా, కాలు వెనకపడుతోంది. పిల్లలు నవ్వుతున్నారులే’ అన్నాడు.”

ఆమె పక్కనున్న బల్ల మీద కూలబడింది.

చివరి రెండేళ్లు. ఇంట్లో కూడా కాలు ఈడుస్తుంటే, “వేషం అక్కడే విప్పేసి రావచ్చు కదా” అని ఆటపట్టించింది తనే. ఆయనా నవ్వి, ఇంకాస్త ఈడ్చి చూపించేవాడు. తలనొప్పులని ఆసుపత్రికి వెళ్తే డాక్టరు అడిగాడు కూడా, “ఈ కాలు ఎప్పట్నుంచి ఇలా ఉంది?” అని. ఆయన నోరు తెరిచేలోగా ఆమే జవాబు చెప్పేసింది. “అది జబ్బు కాదండీ, ఆయన ఉద్యోగం.” డాక్టరు కూడా నవ్వి మాత్రలు రాసిచ్చాడు. తలలో గడ్డ ఉందని బయటపడేసరికి ఐదు నెలలు గడిచిపోయాయి. ఆ తర్వాత కాలు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆమెకూ తట్టలేదు.

తట్టి ఉంటే మనిషి దక్కేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ జనం చప్పట్లు కొట్టింది, మేనేజరు గోడకు అంటించింది, తను ఎనిమిదేళ్లు మోకాలు అరగదీసుకుని కాపాడింది ఆయన్ని పొట్టన పెట్టుకున్న జబ్బునే. ఏడుపు కూడా రాలేదామెకు.

“పిన్నీ, నీళ్లు తాగుతావా?” అంది కొత్తమ్మాయి భయంగా.

“వద్దు. ఇందాకటి నడక మర్చిపో. రెండు కాళ్లూ సమంగా వేసి నడువు.”

“మరి గోడ మీద అలా రాసుంది కదా?”

“అయితే ఆ గోడని నడవమను.”

మర్నాడు ఆమెకు ఆఖరి రోజు. ఎలుగుబంటి తల తనే పెట్టుకుని బయటికొచ్చింది. మోకాలు సలుపుతున్నా పళ్లు బిగబట్టి, నెమ్మదిగా, తిన్నగా నడిచింది. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా నడిచేవాడో గుర్తు తెచ్చుకుని ఒక్కో అడుగూ వేసింది. దూరం నుంచి మేనేజరు కాలు ఈడ్చమని సైగలు చేస్తున్నాడు. ఆమె అటు చూడలేదు.

టికెట్లిచ్చే ఆవిడ కూతురు రోజూ వచ్చి ఎలుగుబంటి చెయ్యి పట్టుకునే పిల్ల. ఆ రోజు చెయ్యి పట్టుకోకుండా కాళ్ల వంకే చూస్తూ నిలబడింది.

“నీ కాలు నయమైపోయిందా?” అని అడిగింది.

ఎలుగుబంటి మాట్లాడకూడదు. ఆమె ఆ పెద్ద తలను రెండు చేతులతో పట్టుకుని, అవునని ఊపింది.