నరసింగరావు పుస్తకం ఎంచిన విధం

నరసింగరావు సర్వీసులో ఉన్నన్నాళ్లూ దేన్నీ తన ఇష్టం మీద ఎంచుకోలేదు. గణాంకాల శాఖలో ఆయన చేసిన ఉద్యోగం అలాంటిది. కోతల కాలంలో రాజాం చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి, ఏ పొలంలో ఏ మూల కొలవాలో, వరుస లేకుండా అచ్చేసిన అంకెల పట్టిక చూసి తేల్చుకుని, అక్కడ మేకులు కొట్టి తాడు కట్టి, ఆ కాస్త చోట పంట కోయించి, నూర్పించి, తూచి పైకి రాసి పంపాలి. "బాబూ, ఆ పక్క బాగా పండిందండి, అక్కడ కొయ్యండి" అని ఒక రైతు బతిమాలేవాడు. బీమా వస్తుందన్న ఆశతో ఇంకొకడు ఎండిన పక్కకి లాగేవాడు. ఆయన ఇద్దరి మాటా వినేవాడు కాదు. అంకె చెప్పిన చోటే మేకు.

రిటైరయ్యాక ఈ అలవాటు ఇంట్లో చేరింది. వంకాయల బండి దగ్గర కూడా ఏరకుండా, చేతికి అందినవి సంచిలో వేసుకొచ్చేవాడు.

"పుచ్చులన్నీ మీ సేతికే దొరుకుతాయేటండీ?" అనేది భార్య తవిటమ్మ. "నన్నూ ఇలగే కళ్లు మూసుకుని సేసుకున్నారేటి?"

"నేనెక్కడ ఎంచానే? మీ నాన్న కదా నన్ను ఎంచింది!"

"మా నాన్నకీ కళ్లు కనిపించీవి కావు లెండి."

తవిటమ్మ తమ్ముడి కూతురు ఉష రాజాంలోనే ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్ కట్టింది. అన్ని పేపర్లూ గట్టెక్కాయి, ఎకనామెట్రిక్స్ ఒక్కటే రెండుసార్లు తన్నేసింది. దేనివల్ల ఏది ఎంత మారిందో లెక్కలు కట్టి తేల్చే శాస్త్రం అది. ఎం.ఏ. చేతికి రాకపోతే జూన్ నుంచి రానక్కర్లేదని కాలేజీవాళ్లు ముందే చెప్పేశారు. ఆ పిల్ల ఏడుపు మొహంతో వచ్చి మావయ్య ముందు కూర్చుంది.

"అంకెల్తోనే బతికావు కదా మావయ్యా, నాకు సెప్పు."

ఆయన అంకెలు రాసి పంపాడే గానీ, పైన వాటిని ఏం చేస్తారో ఏనాడూ ఎరగడు. ఆ మాట మేనకోడలి ముందు ఒప్పుకోవడానికి మనసొప్పలేదు.

"దాందేటుందమ్మా! ముందు నేను సదివీసి, తర్వాత నీకు సెప్పెత్తాను. మంచి పుస్తకం ఒకటి ఎంచుకోవాలి, అంతే."

ఆ 'అంతే' దసరా ముందు మొదలై చలికాలంలోకి పాకింది. విశాఖపట్నంలో పాత పుస్తకాల కొట్లు తిరిగాడు. లైబ్రరీలో రెండు అడిగి తెచ్చాడు. ఒకటి ఎవరో ఫోనుకి పంపిస్తే జెరాక్సు కొట్లో ప్రింటు తీయించి స్పైరల్ వేయించాడు. ముందుగది బల్ల మీద గేదె మేతంత పోగు పడింది.

ఒక ఆదివారం ఉషని పిలిచి ఎంపిక మొదలెట్టాడు. అట్ట చూడకూడదు, విషయసూచిక చూడకూడదు, ఎవరు బాగుందన్నారో వినకూడదు. తన పాత ఆఫీసు పట్టికలో అంకె చూసి, ఆ పేజీ తీసి, అదొక్కటే చదవాలి. అర్థమైతే పుస్తకం నెగ్గినట్టు.

స్పైరల్ పుస్తకంలో ఆ పేజీ జెరాక్సువాడి పుణ్యమా అని తలకిందులుగా పడింది. పుస్తకం తిప్పుకోవచ్చు కదా? తోచలేదు. ఆయన తలే వంచి చదివాడు.

"మెడ పట్టీసిందేటండీ?" అంది తవిటమ్మ కాఫీ పెడుతూ.

నాలుగోది ఇటుకంత లావు. ఆ పేజీలో ఎరువు ఎంత వేస్తే దిగుబడి ఎంత పెరిగిందో మడుల వారీగా లెక్క ఉంది. నరసింగరావు మొహం వెలిగిపోయింది. ప్రతి ముక్కా అర్థమైంది!

"ఇదే మన పుస్తకం!"

ఉష దాన్ని లాక్కుని తిరగేసింది. ముందూ వెనకా అన్నీ పెద్ద బ్రాకెట్లలో బారులు తీరిన అంకెలూ, గ్రీకు అక్షరాలూ. ఈ పుస్తకం పట్టుకునే తను మొదటిసారి తప్పింది.

"మావయ్యా, ఒక్క మడి కోసీసి మండలమంతటికీ దిగుబడి రాసెత్తావేటి?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ మాట ఎవరూ అనలేదు.

"నిజమేనమ్మా. తప్పే. ఒక్కోదాంట్లో ఒక పది పేజీలైనా తియ్యాలి. మళ్లీ మొదట్నించీ..."

"ఓలమ్మో! అప్పటికి నా పరీచ్చ అయిపోతాది!" ఉష నెత్తి కొట్టుకుంది. "నాకు రానిదేటో నాకు తెలుసు. మనం లెక్కలో వేసుకోని సంగతొకటి ఉంటే, ఉన్నవాటి లెక్క ఎందుకు తప్పుతాదో నాకు బోధపడదు. ఆ ఒక్క పాఠం అన్నిట్లోనూ సూద్దాం. ఎవుడు బాగా సెప్తే ఆడిదే పుస్తకం."

"అది మనకి కావలసింది మనం ఏరుకోడమే! మా డిపార్ట్‌మెంటులో అయితే మెమో ఇచ్చీవోరు."

"ఇవ్వనీ. నాను తీసుకుంటాను."

 ఆయన, దొంగతనం చేస్తున్నవాడిలా, తనే మొదటి పుస్తకం విషయసూచిక తెరిచాడు.

నెగ్గింది ఒక బక్క పుస్తకం. అట్ట ఊడిపోయి ఉంది, బొమ్మల్లేవు, లెక్కలు తక్కువ, మాటలెక్కువ. ఎరువు ఎక్కువ వేసే రైతు పొలమే కాలవ పక్కన కూడా ఉంటే, నీళ్లు పండించిన పంట ఎరువు ఖాతాలో పడిపోతుందని దాంట్లో ఉంది. ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివి, "ఓసినీ, ఇంతేనా!" అన్నాడు. ఉష కూడా అదే మాట అంది. ఆ రోజు నుంచి ఆయన పొద్దున్న చదవడం, ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చాక చెప్పించుకోవడం. ఆయనకి రాని చోట ఇద్దరూ కలిసి ఆ రాసినవాణ్ణి తిట్టుకోవడం.

మే నెలలో ఫలితాలొచ్చాయి. ఉష ఫోను పట్టుకుని చెప్పుల్తోనే ముందుగదిలోకి పరిగెత్తుకొచ్చింది. "మావయ్యా! పాసయిపోయాను!"

నరసింగరావు బక్క పుస్తకంలోంచి తలెత్తాడు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"మంచిదమ్మా. ఇంక నీ ఉద్యోగానికి భయం లేదు." కుర్చీ కాస్త జరిపాడు. "ఇలగ కూర్చో. నీ సిలబస్‌లో లేని అధ్యాయంలోకి వచ్చీసాను. పొద్దున్నించీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నువ్వు పాసయిన దానివి కదా, సెప్పు."

"పిల్లని నీళ్లైనా తాగనివ్వండి!" అని తవిటమ్మ వంటింట్లోంచి అరిచింది.

ఉష చెప్పులు విడిచి, పుస్తకం తనవైపు లాక్కుంది.