కొత్త వేషం

నరసరావుపేట స్టేషన్లో బండి కోసం కూర్చున్నాను. బల్ల మీద నా పక్కన గుండుతో ఒక నడివయసు మనిషి ఉన్నాడు. మా వైపు నాటకాలు చూసే వాళ్ళందరికీ తెలిసిన హాస్యగాడు. తన మాటలు తనే రాసుకుంటాడని కూడా చెప్పుకునేవారు.

ఎదురుగా మిరపకాయ బస్తాల మీద కూర్చున్నవాళ్ళు ఆయన్ని పోల్చుకున్నారు.

"ఏంది మావా, కొత్త యేషమా?" అన్నాడొకడు.

"మా నాయన పోయాడయ్యా" అన్నాడాయన.

అందరూ గొల్లున నవ్వారు. స్టేజి మీద వినిపించే ఆ సాగదీత గొంతే ఆయన అసలు గొంతు. ఇంకొకడు "వన్స్ మోర్" అని కేకేశాడు.

ఆయన నా వైపు వంగాడు. "నాటకంలో మాటలన్నీ నేనే రాస్తా బాబూ. ఈ ఒక్క మాట ఎట్టా అంటే నవ్వరో తెలవటంలా. కాస్త నువ్వు చెప్పు."

నేను లేచి, "నిజంగానే వాళ్ళ నాయన పోయాడు, నవ్వబాకండి" అన్నాను.

నేనూ ఆయన నాటకాల కంపెనీవాడినే అనుకున్నట్టున్నారు. ఇంకా నవ్వారు. ఒక పెద్దాయన నాకు చప్పట్లు కూడా కొట్టాడు. మళ్ళీ కూర్చున్నాను. హాస్యగాడు కండువా తీసి గుండుకు చుట్టుకున్నాడు. దానికీ నవ్వారు.

చాలా ఏళ్ళకు మా నాయన కర్మ ముగించుకుని, గుండుతో అదే స్టేషన్‌కు వచ్చాను. బల్ల మీదున్నవాళ్ళు నా తల చూసి, ఏమీ అడక్కుండానే జరిగి చోటిచ్చారు.

బండి వచ్చేదాకా నేను నిలబడే ఉన్నాను.